గణానికి అంటు లేదు

మనవాళ్లు పద్యం రాసి, పాట కట్టి సభలో వినిపిస్తే రెండు వైపుల నుంచీ మాటలొస్తాయి. పండితుడు ‘ఛందస్సు రానోడు కవేంది?’ అంటాడు. మనలోనే కొందరు ‘ఛందస్సు, అలంకారాలు బ్రాహ్మణీయం, తగలెయ్యండి’ అంటారు. ఈ రెండు మాటలూ మనల్ని ఒక్కచోటే నిలబెడతాయి: తలుపు బయట!

అసలు ఛందస్సంటే ఏంది? గొంతు ఎక్కడ సాగాలో, ఎక్కడ తేలిపోవాలో చెప్పే లెక్క. పొట్టిగా పలికేది లఘువు. దీర్ఘమున్నది, సున్నా ఉన్నది, ఒత్తక్షరానికి ముందు ఊనిక పడేది గురువు. మూడేసి అక్షరాల కట్టలు గణాలు. ‘మాదిగ’ అనండి. మా గురువు; ది, గ లఘువులు. ఇది భగణం. పండితులు నెత్తిన పెట్టుకునే ఉత్పలమాలలో ప్రతి పాదమూ మొదలయ్యేది భగణంతోనే! ‘గబ్బిలం’ అనండి. గురువు, లఘువు, గురువు. ఇది రగణం. ఉత్పలమాలలో రెండో గణం అదే. గణానికి అంటు లేదు. అంటు పెట్టింది, గణాలు నేర్పే బడి గుమ్మంలో అడ్డం నిలబడ్డ మనుషులు.

జాషువా ఏం చేశాడో చూడండి. కాళిదాసు మేఘదూతంలో యక్షుడు భార్యకు మేఘంతో కబురు పంపుతాడు. అలాంటి దాన్ని సందేశకావ్యం అంటారు. 1941లో వచ్చిన ‘గబ్బిలం’లో జాషువా ఆ రూపాన్నే తీసుకున్నాడు. కానీ ఇక్కడ కబురు పంపేది అంటరానివాడు. అందాల్సింది కాశీ విశ్వనాథుడికి. మోసేది గబ్బిలం. ఎందుకు గబ్బిలమే? మనిషిని రానియ్యని గుడిలో గబ్బిలం వేలాడుతుంది గనక! వాదనంతా ఆ ఎంపికలోనే ఉంది. ఆయన పద్యాన్ని వదల్లేదు, పద్యంతోనే కొట్టాడు.

ఇక ఉపమాలంకారం. ‘గుండె డప్పులాగా మోగుతోంది.’ గుండె ఉపమేయం, డప్పు ఉపమానం, ‘లాగా’ ఉపమావాచకం, మోగటం సమానధర్మం. ‘లాగా’ తీసేసి గుండే డప్పు అంటే రూపకం. శాస్త్రం ఇంతే. పేచీ అంతా ఉపమానం దగ్గర. దాన్ని ఎవరి బతుకులోంచి తెచ్చావు?

తెలుగులో మురికికీ మొరటుతనానికీ మన కులాల పేర్లనే ఉపమానాలు చేశారు. నలుపంటే పాపం, తెలుపంటే పుణ్యం అన్నారు. నోటికి అలవాటై అవి మన పాటల్లోకీ దూరుతున్నాయి. దొరను తిట్టబోయి ‘నల్లటి మనసు’ అంటే ఎవర్ని తిట్టినట్టు? ఎండలో మాడిన మన అమ్మనే కదా!

‘చిక్కనవుతున్న పాట’ సంకలనం (1995) నాటికే దళిత కవి వచన కవితను ఆయుధం చేసుకున్నాడు. యతిప్రాసలు లేకపోతే పోనీ. కానీ పోలిక లేకుండా పాటా లేదు, వచన కవితా లేదు. రూపం మారినా ఉపమానం వెంటే వస్తుంది, దానితోపాటు దాని కులమూ వస్తుంది.

అందుకే వాడల్లో చదువు చెప్పే కార్యకర్తలారా, అక్షరాలతోపాటు గురులఘువులు కూడా నేర్పండి. చప్పట్లు కొట్టి నేర్పండి, డప్పు మీద నేర్పండి. పాట కట్టిన పిల్లను ‘యతి కుదిరిందా?’ అని కాదు, ‘ఈ పోలిక ఎక్కణ్ణించి తెచ్చావమ్మా?’ అని ముందు అడగండి.

నేర్చుకుని వదిలేస్తే అది మన ఇష్టం. నేర్వకుండానే వదిలేస్తే అది వాళ్ల గెలుపు.