పంట పోయేది ఒకరిది, పరిహారం మరొకరి ఖాతాకు

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటే సమయానికి డెల్టాలో వరి కోతలు నడుస్తున్నాయి. కొన్ని చేలల్లో పైరు నేలకొరిగింది. కొన్నిచోట్ల కోసిన పనలు నీళ్లలో నానాయి. ఇలాంటి విపత్తు వచ్చిన ప్రతిసారీ మన సంఘాల్లో ప్రార్థనలు చేస్తాం, బియ్యం, దుప్పట్లు పంచుతాం. ప్రభుత్వం ఇచ్చిన డబ్బు ఎవరి చేతికి చేరిందో మాత్రం అడగం.

ఆ డబ్బు పేరే పెట్టుబడి రాయితీ. పోయిన పంటకు అది వెల కాదు, మళ్లీ విత్తుకోవడానికి ఇచ్చే సాయం. 2022లో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారం నీటి వసతి ఉన్న పొలానికి హెక్టారుకు రూ.17,000, వర్షాధార భూమికి రూ.8,500. అంటే మాగాణి ఎకరాకు ఏడు వేలు కూడా రావు. పంట కనీసం 33 శాతం దెబ్బతినాలి (2015కు ముందు 50 శాతం ఉండేది). అదీ రెండు హెక్టార్ల వరకే. 2024 సెప్టెంబరు వరదల తర్వాత రాష్ట్ర ప్రభుత్వం వరికి ఎకరాకు రూ.10,000 ప్రకటించింది. అది మెరుగే. కానీ మొత్తం పెరిగినంత మాత్రాన అసలు చిక్కు తీరదు.

చిక్కంతా పేరు దగ్గరుంది. డెల్టా గ్రామాల్లో దున్నేవారిలో కౌలుదారులే ఎక్కువ. విత్తనం, ఎరువు, కూలీల ఖర్చు వారిదే, వడ్డీకి తెచ్చిన అప్పూ వారిదే. పంట నమోదులో కౌలుదారు పేరు ఎక్కకపోతే రాయితీ పాసుపుస్తకం ఉన్నవారి ఖాతాలో పడుతుంది. యజమాని హైదరాబాదులో ఉన్నా, అమెరికాలో ఉన్నా అంతే. కొందరు ఆ డబ్బు తెచ్చి కౌలుదారు చేతిలో పెడతారు. కొందరు పెట్టరు, కౌలు బస్తాల్లో ఒక్కటి కూడా తగ్గించరు.

దీనికి 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ఒక దారి చూపింది. దాని కింద ఇచ్చే కార్డు ఉంటే సాయం పొందడానికి కౌలుదారు అర్హుడు. అయితే ఆ కార్డుకు యజమాని సంతకం కావాలి. భూమి చేజారిపోతుందన్న భయంతో చాలామంది సంతకం చేయరు. ఆ భయానికి ఆధారం లేదు. కార్డు పంట మీదే హక్కునిస్తుందని, భూమి మీద ఏ హక్కూ రాదని చట్టమే చెబుతోంది. నా ఉద్దేశంలో ఆ సంతకం షరతు పెట్టడమే చట్టంలోని లోపం. ఇవ్వడానికి ఇష్టం లేనివారి దయ మీద హక్కును నిలబెట్టారు.

రూతు పరిగె ఏరుకున్న పొలం గురించి మన ప్రసంగాల్లో తరచూ వింటాం. పొలం మూలలు విడిచిపెట్టే బాధ్యతను ధర్మశాస్త్రం మోపింది పొలం గలవాడి మీదే అన్న మాట అంతగా వినం. పొలం గలవారూ, కౌలుదారులూ ఒకే ఆరాధనలో కూర్చునే సంఘాలు మనకు చాలానే ఉన్నాయి. కాపరి కోర్టుకు వెళ్లనక్కరలేదు. సంఘంలోని భూయజమానుల ఇంటికి వెళ్లి సంతకం అడిగితే చాలు. నష్టం రాసుకున్నాక గ్రామంలో జాబితా పెడతారు, అభ్యంతరం చెప్పుకోవడానికి కొద్ది రోజులే ఇస్తారు. చదువురాని విశ్వాసుల పేర్లు అందులో ఉన్నాయో లేదో సంఘ యువకులు చూసి పెట్టవచ్చు.

నిరుడు సంతకం చేసినవారు ఈ సీజనుకు మళ్లీ చేయాలి. కార్డు గడువు 11 నెలలే.