పరికరం అమ్మేయండి, పని రికార్డు దాచుకోండి

2019 జూన్ 20న న్యూయార్క్‌లో క్రిస్టీస్ సంస్థ వేలంలోకి ఒక పాత నల్ల గిటార్ వచ్చింది. లక్ష నుంచి లక్షన్నర డాలర్లు పలకొచ్చని ముందు అంచనా వేశారు. చివరికి 39 లక్షల 75 వేల డాలర్లకు పోయింది. అప్పటి మారకంలో మన డబ్బు 27 కోట్ల పైమాటే. అమ్మినాయన డేవిడ్ గిల్‌మోర్, పింక్ ఫ్లాయిడ్ రాక్ బ్యాండ్ గిటారిస్టు. అదే వేలంలో తన గిటార్లు 120కి పైగా అమ్మేశారు. దాదాపు 2 కోట్ల 15 లక్షల డాలర్లు వస్తే, ఆ సొమ్మును పర్యావరణం కోసం కోర్టుల్లో పోరాడే క్లయింట్‌ఎర్త్ సంస్థకు ఇచ్చేశారు.

అభిమానులు మాత్రం ఒక్క మాట మీద లేరు. మంచి పనికి ఇచ్చారని కొందరు మెచ్చుకున్నారు. అలాంటి గిటార్ మ్యూజియంలో ఉండాలి కానీ వేలంలో కాదని కొందరు బాధపడ్డారు. ఇక అవి కోటీశ్వరుల లాకర్లలోకి పోతాయి, వాయించే చేతికి దొరకవు అన్నది ఇంకొందరి కోపం.

ఉద్యోగాల పేజీలో ఈ గిటార్ గోల ఏంటి అంటారా? చెప్తాను. మన విలువ మన చేతిలో ఉన్న వస్తువులో ఉందా, దాంతో చేసిన పనిలో ఉందా అన్న ప్రశ్న ఇందులో ఉంది. ఇంటర్వ్యూ గదిలో మీకు ఎదురయ్యేది కూడా అదే.

ముందు ఆ గిటార్ సంగతి చూడండి. 1970లో న్యూయార్క్‌లోని ఒక షాపులో గిల్‌మోర్ కొన్న ఫెండర్ స్ట్రాటోకాస్టర్ అది. అభిమానులు ముద్దుగా 'బ్లాక్ స్ట్రాట్' అంటారు. 1973లో వచ్చిన 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్', 1979లో వచ్చిన 'ద వాల్' ఆల్బమ్‌లలో దాన్ని వాయించారు. ఆయన దాన్ని అపురూపంగా అద్దాల బీరువాలో పెట్టుకోలేదు. నెక్ చాలాసార్లు మార్చారు, పికప్‌లు మార్చారు, స్విచ్‌లు బిగించారు, అవసరమైన చోట రంధ్రాలు పెట్టి, పనికాకపోతే పూడ్చేశారు. మన భాషలో చెప్పాలంటే అది మెకానిక్ షెడ్డులో స్పానర్ లాంటిది. పని జరగడమే ముఖ్యం, మెరుపు కాదు.

1986లో ఆ గిటార్‌ను డాలస్‌లోని ఒక పేరున్న రెస్టారెంట్‌లో ప్రదర్శనకు ఇచ్చారు. పదేళ్లకు పైగా అది గోడ మీదే ఉంది. జనం చూశారు, ఒక్క స్వరం మాత్రం వినలేదు. తిరిగి తెచ్చుకుని బాగుచేయించుకున్నాక, 2005లో లండన్ లైవ్ ఎయిట్ కచేరీలో పింక్ ఫ్లాయిడ్ మళ్లీ ఒక్కటైనప్పుడు గిల్‌మోర్ చేతిలో ఉన్నది అదే. అందుకే మ్యూజియంలో పెట్టాలనే వాదన నాకు పూర్తిగా ఎక్కదు. మన నూజివీడు వీణల సంగతి కూడా అంతే. పనస కర్రతో ఎంత ముచ్చటగా చేసినా, వాయించకుండా మూలన పెడితే తీగలు తుప్పు పడతాయి. మైనం మీద నిలబెట్టిన 24 మెట్లను అప్పుడప్పుడూ సరిచేయించాలి. వాయించేవాళ్లు ఉంటేనే ఆ ఖర్చు ఎవరైనా పెడతారు.

మరి అంత ధర ఎందుకొచ్చింది? 1970లో ఫెండర్ వాళ్లు అలాంటి గిటార్ ఒక్కటే చేయలేదు. అదే కాలం నాటివి ఇప్పటికీ అమ్మకానికి దొరుకుతాయి, వాటి ధర దీనికి దరిదాపుల్లో కూడా ఉండదు. తేడా చెక్కలో లేదు. ఏ పాటకు వాయించారు, ఏ వేదిక ఎక్కింది, ఏ భాగం ఎప్పుడు మారింది అన్నదంతా రికార్డయి ఉంది. గిల్‌మోర్ దగ్గర దశాబ్దాలు పనిచేసిన టెక్నీషియన్ ఫిల్ టేలర్ ఆ ఒక్క గిటార్ మీదే ఏకంగా పుస్తకం రాశారు. కొన్నవాళ్లు డబ్బు కట్టింది ఆ చరిత్రకు.

మా చాట్రాయి వైపు తోటల్లో కాపు తగ్గిన ముసలి మామిడి చెట్టును కొట్టించేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్ల ప్రాణం ఉసూరుమంటుంది. తాతల నాటి చెట్టు కదా. కానీ తెలివైన రైతు గొడ్డలి పెట్టకముందే ఆ చిన్నరసం కొమ్మ తీసి కొత్త మొక్కకు అంటు కట్టేస్తాడు. చెట్టు పోయినా రుచి పోదు. మీ చదువు విషయంలో ఆ అంటు ఏంటో తెలుసా? మీరు చేసిన పని రికార్డు.

మనవాళ్లు చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ఫైనలియర్ అయిపోగానే ప్రాజెక్టు కిట్ జూనియర్లకు అమ్మేస్తారు, పాత ల్యాప్‌టాప్ ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేస్తారు. అది తప్పు కాదు. కానీ దాంతోపాటే కోడ్, ఫొటోలు, నోట్సు అన్నీ పోతాయి. ఆర్నెల్ల తర్వాత ఇంటర్వ్యూలో "తోటకు నీళ్లెప్పుడు పెట్టాలో చెప్పే సెన్సార్ ప్రాజెక్టులో నువ్వు చేసిందేంటి?" అని అడిగితే, "టీమ్‌గా చేశాం సార్" దగ్గర ఆగిపోతారు. ఇంకో రకం వాళ్లూ ఉన్నారు. మంచి ల్యాప్‌టాప్ కొన్నాక కోడింగ్ మొదలెడతానని ఏడాది గడిపేస్తారు. ఇంట్లో అప్పు చేయించి కొనిపించి, ఆ తర్వాత కూడా మొదలుపెట్టరు.

గిల్‌మోర్ అన్నేసి గిటార్లు అమ్మేశాక సంగీతం ఆగిపోయిందా? లేదు. 2024లో 'లక్ అండ్ స్ట్రేంజ్' అనే కొత్త ఆల్బమ్ తెచ్చి, 78 ఏళ్ల వయసులో కచేరీలు చేశారు.

"ఆయనకేం, ఒకటి అమ్మితే పది కొనుక్కోగలడు. మా దగ్గరున్నది ఒక్కటే" అని మీరనొచ్చు. నిజమే. అందుకే రోజూ పనిచేసే పరికరం అమ్మమని నేను చెప్పను. ఆయన కూడా అన్నీ అమ్మలేదు, కొన్ని ఉంచుకున్నారు. డబ్బంతా దానం చేయాలని కూడా లేదు. డైర్ స్ట్రెయిట్స్ బ్యాండ్ గిటారిస్టు మార్క్ నాఫ్లర్ 2024 జనవరి 31న లండన్‌లో తన గిటార్లు వేలం వేస్తే 88 లక్షల పౌండ్లకు పైగా పలికింది. పాతిక శాతం సేవా సంస్థలకు ఇస్తానని ముందే చెప్పి, మిగతాది తను ఉంచుకున్నారు. అందులో దాపరికం లేదు, తప్పూ లేదు. కష్టపడి వాడిన వస్తువు అమ్ముకోవడం నామోషీ ఏం కాదు.

అభిమానుల ఫిర్యాదుల్లో నేను కొట్టిపారేయలేనిది ఒక్కటే. కోట్ల ధర పలికితే ఆ గిటార్ పేద వాయిద్యకారుడికి దొరకదు. బ్లాక్ స్ట్రాట్ కొన్న అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు యజమాని జిమ్ అర్సే తన సేకరణను ఊరూరా ఉచితంగా ప్రదర్శించారు కాబట్టి కొంత నయం. అయినా అందరూ అలా ఉండరు. ఆ బెంగ మన స్థాయిలో తీర్చడం తేలిక. మీ డ్రాఫ్టర్, కాలిక్యులేటర్, ఆర్డ్యునో బోర్డు, ఫస్టియర్‌లో కొని నాలుగు పాటలకే ఆపేసిన గిటార్ అటక మీద పెట్టొద్దు. జూనియర్ భరించే ధరకు ఇచ్చేయండి. బ్యాటరీ గంటే వస్తుంటే గంటే వస్తుందని చెప్పండి. ల్యాప్‌టాప్ అయితే ఊరికే డిలీట్ కొడితే చాలదు, అన్ని ఖాతాల నుంచి సైన్ అవుట్ అయి, డ్రైవ్ పూర్తిగా చెరిపి ఇవ్వండి.

ఇచ్చే ముందు ఒక సాయంత్రం కేటాయించండి. ఆ పరికరం మీద చేసిన ఒక్కో పనికి నాలుగు లైన్లు రాయండి. సమస్య ఏంటి, అందులో మీ వంతు ఏంటి, ఎక్కడ దెబ్బతింది, ఎలా సరిచేశారు. తేదీ వేయండి, రెండు ఫొటోలు జతచేయండి. కోడ్‌ను గిట్‌హబ్‌లో పెట్టండి. సర్టిఫికెట్ల జాబితా కంటే ఆ నాలుగు లైన్లే ఇంటర్వ్యూలో మీ చేత మాట్లాడిస్తాయి. అవి రాయడం అయ్యాకే జూనియర్‌కు ఫోన్ చేయండి.