బాబాయికి జవాబు తెలుసు

మా బాబాయితో చరిత్ర మీద పందెం కాయడమంటే చేజేతులా డబ్బు పోగొట్టుకోవడమే. ముప్ఫై రెండేళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పిన మనిషి. దండి యాత్ర ఎప్పుడు మొదలైందని అడిగితే '1930 మార్చి 12' అని ఊరుకోడు. సబర్మతి నుంచి బయల్దేరి ఏ తారీఖున దండి చేరారో, మర్నాడు పొద్దున ఏం జరిగిందో అంతా చెప్పి, మన చేతిలో కాఫీ చల్లారిపోయాక గానీ వదలడు. రిటైరయ్యాక నీటికాసుల జబ్బు ఆయన చూపు పట్టుకుపోయింది గానీ, ఆ జ్ఞాపకాన్ని ముట్టుకోలేకపోయింది.

అలాంటి బాబాయి సంక్రాంతి సెలవుల్లో మా ఇంట్లో, ఐదో తరగతి చదివే మా అమ్మాయి చేతిలో ఓడిపోయాడు. 20 ప్రశ్నలకి ఆయనకి వచ్చినవి 3.

జరిగిందేమిటంటే, స్వాతంత్య్ర పోరాటం మీద ఓ ప్రభుత్వ శాఖ గేమ్ యాప్ ఒకటి తయారుచేయించింది. ఉచితం. తెలుగులోనూ ఉంది. స్కూల్లో టీచర్ చెబితే మా అమ్మాయి డౌన్‌లోడ్ చేసుకుంది. తెర మీద ఓ రంగుల చక్రం ఉంటుంది. దాన్ని వేలితో తిప్పాలి. ఏ అంశం దగ్గర ఆగితే దాని మీద ప్రశ్న వస్తుంది. కింద నాలుగు జవాబులు. 15 సెకన్లలో ఒకటి నొక్కాలి. "తాతయ్యా, నీ ఫోన్లోనూ వేసుకో, పోటీ పెట్టుకుందాం" అంది. బాబాయి కుర్చీలో సర్దుకుని కూచున్నాడు. మొహంలోకి పాత క్లాసురూము కళ వచ్చేసింది.

బాబాయి ఫోన్ ఎలా వాడతాడో చెప్పాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో 'టాక్‌బ్యాక్' అని ఒక సదుపాయం ఉంటుంది. మీ ఫోన్లోనూ ఉండి ఉంటుంది, సెట్టింగుల్లో చూడండి. ఐఫోన్‌లో దాన్నే 'వాయిస్‌ఓవర్' అంటారు. అది ఆన్ చేస్తే, వేలు పెట్టిన చోట ఏముందో ఫోన్ పైకి చదివి వినిపిస్తుంది. అదే కావాలనుకుంటే రెండుసార్లు టకటకా తట్టాలి. వేలిని కుడివైపు జరిపితే తర్వాతిది చదువుతుంది. బాబాయి ఈ పద్ధతిలోనే పేపరు వింటాడు, కరెంటు బిల్లు కడతాడు, వాట్సాప్‌లో మా అందరికీ పొద్దున్నే శుభోదయాలు పంపుతాడు (అది మాత్రం ఎవరైనా ఆపితే బాగుండు).

ఈ గేమ్‌లో మాత్రం చక్రం దగ్గరే మొదటి దెబ్బ తగిలింది. టాక్‌బ్యాక్ ఉన్నప్పుడు ఒక వేలు తిప్పితే అది చదవడానికే పనికొస్తుంది గానీ చక్రం తిరగదు. 'తిప్పు' అని పక్కన ఒక బటన్ పెట్టి ఉంటే సరిపోయేది. లేదు. చక్రం మా అమ్మాయే తిప్పి పెట్టింది. ప్రశ్న వచ్చింది. ఫోన్ చదవడం మొదలుపెట్టింది: "సైమన్ కమిషన్ భారత... పద్నాలుగు... సైమన్... పదమూడు... పన్నెండు... పదకొండు..."

అంటే గడియారంలో అంకె మారినప్పుడల్లా ఫోన్ ప్రశ్నని ఆపేసి అంకె చదువుతోందన్నమాట. బాబాయి చెవి ఫోన్‌కి ఆనించి ఎలాగో 'సైమన్ కమిషన్' వరకూ పట్టుకున్నాడు. "వచ్చిందెప్పుడనేగా? 1928, ఫిబ్రవరి 3, బొంబాయిలో దిగారు" అన్నాడు. అది నొక్కాలి కదా! జవాబుల దగ్గర వేలు పెట్టాడు. "లేబుల్ లేదు, బటన్" అంది ఫోన్. పక్కకి జరిపాడు. "లేబుల్ లేదు, బటన్." కిందకి. "లేబుల్ లేదు, బటన్." నాలుగూ అంతే. అక్షరాలని బొమ్మగా చేసి అతికించారు. చూసేవాళ్లకి బంగారు రంగు చట్రంలో 1928 అని ముచ్చటగా కనిపిస్తుంది. బాబాయికి మాత్రం నాలుగు మూతలు పెట్టిన డబ్బాలు.

కళ్లు మూసుకుని నొక్కినా లెక్క ప్రకారం నాలుగోవంతు, అంటే 20కి 5 రావాలి. ఆయనకి 3 వచ్చాయంటే, మిగతావాటిలో చాలావరకు టైము అయిపోయిందని అర్థం.

నాకు ఎక్కువ బాధనిపించింది ఆ మార్కుల దగ్గర కాదు. ఆరో ప్రశ్న దగ్గర్నుంచీ ఆయన జవాబు పైకి చెప్పడం మానేశాడు. ఊరికే తడుతూ కూచున్నాడు. ఏడెనిమిదేళ్లుగా చూపు లేకపోయినా, 'నాకు తెలీదు' అన్న మొహం ఆయనలో నేను మొదటిసారి చూశాను. మా అమ్మాయి మొదట్లో గెలుస్తున్నానని గంతులేసింది గానీ, కాసేపటికి దానికీ ఆట రుచించలేదు.

ఆ రాత్రి యాప్‌ని నేను మొత్తం తిరగేశాను. బాబాయి ఒక్కడి సంగతే కాదని తేలింది. ఓ ప్రశ్నకి ఆధారం వీడియోలో ఉంది. ఎవరో మాట్లాడుతుంటారు, కింద అక్షరాలు రావు. వినపడనివాళ్ల పని అంతే. ఇంకో చోట నాయకుల బొమ్మలని లాక్కెళ్లి పేర్ల మీద వదలాలి. చేతులు వణికేవాళ్లకి, పక్షవాతం వచ్చి కోలుకుంటున్నవాళ్లకి అది కొండెక్కడమే. ఒప్పయితే ఆకుపచ్చ, తప్పయితే ఎరుపు. అంతకుమించి గుర్తేమీ లేదు. ఆ రెండు రంగులకీ తేడా తెలియని మగవాళ్లు మన చుట్టూ చాలామందే ఉంటారు, వాళ్లలో కొందరికి ఆ సంగతే తెలీదు. అన్నీ దాటుకుని చివరికి వస్తే సర్టిఫికెట్ కోసం వంకర టింకర అక్షరాల పరీక్ష. చదివి టైపు చేయాలి. వినే ఏర్పాటు లేదు. నువ్వు యంత్రానివి కాదని నిరూపించుకో అంటారు. చూపు లేనివాడు ఆ లెక్కన యంత్రమే.

"పోనీలే బాబాయ్, ఆటే కదా" అన్నాను మర్నాడు పొద్దున. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

"ఒరేయ్, పింఛను పని అయితే ఆఫీసుకెళ్లి కూచుంటాను, ఎవరో ఒకరు చేసిపెడతారు. ఆట ఇంకొకళ్లు ఆడిపెడితే అది నా ఆట ఎలా అవుతుందిరా?" అన్నాడు.

ఆ మాట పట్టుకుని చట్టం తీసి చూశాను. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టంలో చదువు, ఉద్యోగం, ర్యాంపులు ఉంటాయని అనుకుంటాం. 29వ సెక్షన్ అచ్చంగా సంస్కృతి, వినోదం గురించే. అందరితో సమానంగా వినోదంలో పాల్గొనే హక్కుని కాపాడాలని, అందుకు కావలసిన సాంకేతికతని అభివృద్ధి చేయాలని ప్రభుత్వాలకే చెబుతుంది. 42వ సెక్షన్ ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లో ఉన్నదంతా వాళ్లకి అందే రూపంలో ఉండాలంటుంది. ప్రభుత్వ వెబ్‌సైట్లకి మార్గదర్శకాలు 2009 నుంచే ఉన్నాయి. 2023లో వచ్చిన మూడో కూర్పు మొబైల్ యాప్‌లకీ వర్తిస్తుంది. అది అనుసరించే అంతర్జాతీయ ప్రమాణాల్లో గడియారం సంగతి కూడా ఉంది. టైము పరిమితి పెడితే దాన్ని తీసేసుకునే, లేదా పెంచుకునే వీలుండాలి. వేలంపాటలా అప్పటికప్పుడు జరిగేవాటికీ, టైము లేకపోతే అర్థమే లేనివాటికీ మినహాయింపు. మన క్విజ్ వేలంపాట కాదు కదా.

సుప్రీంకోర్టు కూడా ఊరుకోలేదు. రాజీవ్ రతూరీ అనే చూపులేని ఉద్యమకారుడు 2005లో వేసిన కేసులో, 2024 నవంబరు 8న తీర్పు చెబుతూ, ఈ ప్రమాణాలని 'పాటిస్తే మంచిది' అన్న సలహాల్లా ఉంచడం కుదరదు, తప్పనిసరి చేయండి అంది. ఆ తీర్పుకి ఆధారమైన నివేదిక మన హైదరాబాద్ నల్సార్‌లోని వైకల్య అధ్యయన కేంద్రం తయారుచేసిందే. 2025 ఏప్రిల్ 30న ఇంకో తీర్పు. బ్యాంకు కేవైసీకి కెమెరా ముందు కన్ను ఆర్పమంటే, యాసిడ్ దాడిలో గాయపడినవాళ్లు, చూపు లేనివాళ్లు ఏం చేయాలన్నది ప్రశ్న. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని కోర్టు తేల్చింది. 2011 జనాభా లెక్కల ప్రకారమే దేశంలో వైకల్యం ఉన్నవాళ్లు 2.68 కోట్లు. వాళ్లలో చూపు సమస్య ఉన్నవాళ్లు 50 లక్షల పైమాటే. ఇందులో బాబాయి లేడు. అప్పటికి ఆయనకి బాగానే కనిపించేది.

ఇలాంటివాళ్లకి ఆటలెలా కుదురుతాయి అనేవాళ్లకి అంధుల క్రికెట్ చూపించాలి. బంతిలో గలగలలాడే గుళ్లు ఉంటాయి. బౌలర్ 'రెడీ?' అని అడిగి, బ్యాట్స్‌మన్ 'యెస్' అన్నాకే, 'ప్లే' అంటూ చేయి కిందుగా వేస్తాడు. అసలు చూపు లేని ఆటగాడు కొట్టిన పరుగు రెండుగా లెక్క. అంత మార్చినా అది క్రికెట్టే. మన ఆంధ్రప్రదేశ్ కుర్రాడు ఇల్లూరి అజయ్‌కుమార్ రెడ్డి ఆ ఆటలోనే భారత జట్టుకి కెప్టెన్ అయ్యాడు, 2023 సంవత్సరానికి అర్జున అవార్డు అందుకున్నాడు. చదరంగంలో నల్ల గళ్లు కాస్త ఎత్తుగా ఉండి, పావులు చిల్లుల్లో దిగే బోర్డు ఎప్పట్నుంచో ఉంది. వీడియో గేముల్లో అయితే 2020లో వచ్చిన 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2'లో ఇలాంటి సదుపాయాలు 60కి పైగా పెట్టారు. బొత్తిగా చూపు లేనివాళ్లు దాన్ని చివరిదాకా ఆడేశారు. అందులో తుపాకులూ, పరుగులూ, దాక్కోవడాలూ ఉన్నాయి. మనది నాలుగు జవాబుల క్విజ్!

న్యాయంగా ఒక మాట చెప్పాలి. యాప్‌లు రాసే మా స్నేహితుడిని అడిగితే, మామూలు యాప్‌లో బటన్‌కి పేరు పెట్టడం ఒక్క లైను పని అన్నాడు. గేముల్లో అంత తేలిక కాదట. తెర మొత్తాన్ని ఒకే బొమ్మలా గీసే పద్ధతుల్లో టాక్‌బ్యాక్‌కి ఏమీ దొరకదు, దానికి విడిగా పని చేయాలి. అదీ మొదట్లోనే అనుకుంటే సులువు, అంతా అయ్యాక అతికించాలంటే ఖర్చు. "మరి మొదట్లో ఎందుకు అనుకోరు?" అంటే నవ్వాడు. "టెండర్లో రాస్తే చేస్తారు. టాక్‌బ్యాక్ వాడే ఇద్దర్ని కూచోబెట్టి ఆడించి, వాళ్లు సరేనన్నాకే చివరి బిల్లు ఇస్తామని ఒక్క వాక్యం రాయమనండి, చూడండి."

ఆ వాక్యంతో సహా, ఆ శాఖ ఇచ్చిన చిరునామాకి బాబాయి మెయిల్ రాశాడు. ఏ తెర మీద ఏ బటన్‌కి పేరు లేదో వరసగా, సోషల్ మాస్టారు పేపర్లు దిద్దినంత శ్రద్ధగా. 'మీ సూచన సంబంధిత విభాగానికి పంపడమైనది' అని జవాబొచ్చింది. రెండు నెలలకి యాప్ కొత్త కూర్పు వచ్చింది. చక్రానికి రంగులు మారాయి. బటన్లకి పేర్లు రాలేదు. బాబాయి రెండో మెయిల్ రాశాడు. ఈసారి తీర్పుల తేదీలు కూడా వేశాడు. దానికింకా జవాబు రాలేదు.

ఈలోగా మా అమ్మాయి సొంత ఏర్పాటు చేసుకుంది. ఆదివారం ఆదివారం తాతయ్యకి ఫోన్ చేసి, అదే యాప్‌లోని ప్రశ్నలు నోట్‌బుక్కులో రాసుకుని చదువుతుంది. జవాబులు నాలుగూ చదవడం అయిపోయాకే 15 సెకన్లు లెక్కపెడుతుంది. అదీ మనసులో. పోయిన ఆదివారం 19 ప్రశ్నలకి 19 చెప్పాడు బాబాయి, ఒక్కోదానికి అరగంట వ్యాఖ్యానంతో సహా. విసిగిపోయినట్టుంది, ఇరవయ్యోది అది సొంతంగా కల్పించింది: "ఛోటా భీమ్‌కి లడ్డూలు ఇచ్చే అమ్మాయి పేరేంటి?"

స్పీకర్లో నిశ్శబ్దం. ఆప్షన్లు మళ్లీ చదవమన్నాడు. చదివింది. 15 సెకన్లు అయిపోయాయి.

"తెలీదే అమ్మలూ, ఓడిపోయాను" అని బాబాయి పకపకా నవ్వాడు.