అద్దం వచ్చింది... రోడ్‌స్టర్ పోయింది!

గుర్రబ్బండిలోంచి గుర్రాన్ని తీసేస్తే ఎలా ఉంటుంది? 1901లో అమెరికా రోడ్లమీదికొచ్చిన ఓల్డ్స్‌మొబైల్ ‘కర్వ్‌డ్ డాష్’ అచ్చం అలాగే ఉండేది. ఇద్దరు పట్టే సీటు, దాని కింద ఒకే సిలిండరున్న ఇంజిను, కాళ్ల ముందు పైకి వంపు తిరిగిన పలక. స్టీరింగు చక్రం బదులు పడవ చుక్కానిలాంటి కడ్డీ. తలుపుల్లేవు, ముందు అద్దం లేదు. ధర 650 డాలర్లు.

ఇలాంటి బుల్లి బండ్లను మొదట్లో ‘రన్‌అబౌట్’ అనేవారు. తర్వాత స్థిరపడిన ‘రోడ్‌స్టర్’ అన్న పేరు కూడా గుర్రానిదే. దూరప్రయాణానికి పనికొచ్చే గుర్రాన్ని అలా పిలిచేవారు మరి!

పదేళ్లు తిరిగేసరికి ఇంజిను ముందుకొచ్చింది, బానెట్ పొడవైంది. న్యూజెర్సీలో తయారైన మెర్సర్ ‘రేస్‌అబౌట్’ గంటకు వంద కిలోమీటర్లు సునాయాసంగా దాటేసేది. అంత వేగానికీ ఉన్న రక్షణ స్టీరింగు కడ్డీకి బిగించిన గుండ్రటి చిన్న అద్దం. అదీ నడిపేవాడికే. పక్కన కూర్చున్నవాళ్ల మొహాన దుమ్మే!

మెల్లగా తలుపులు, నిండు అద్దం, మడతపెట్టే కాన్వాసు టాపు వచ్చాయి. కానీ పక్కల మాత్రం ఖాళీ. వాన పడితే కారాపి, సెల్యులాయిడ్ కిటికీలు కుట్టిన కర్టెన్లు తీసి ఒక్కోటీ తగిలించుకోవాలి. ఈలోగా తడవాల్సినవాళ్లు తడిసిపోయేవారు.

1920లలో మరో ముచ్చట... వెనక మూత ఎత్తితే ఇంకో సీటు! అమెరికన్లు దాన్ని ‘రంబుల్ సీటు’ అన్నారు. టాపు నీడ అక్కడిదాకా రాదు కాబట్టి కొంటెగా ‘అత్తగారి సీటు’ అనీ అన్నారు. బ్రిటిష్‌వాళ్లకది ‘డిక్కీ సీటు’. కారు వెనక సామాన్ల అరను మనం డిక్కీ అనడం దాని చలవే.

1923లో జోర్డాన్ కంపెనీ తన ‘ప్లేబాయ్’ రోడ్‌స్టర్‌కి ఒక ప్రకటన ఇచ్చింది. గుర్రపు రౌతుతో పోటీపడి కారు దూకిస్తున్న అమ్మాయి బొమ్మ. ఇంజిను వివరాలేమీ లేవు, అమ్మింది గాలినీ స్వేచ్ఛనే. కానీ పిల్లలతో, మంచులో, వానలో తిరగాల్సిన కుటుంబాలకు గాలితో పనేముంది? 1919లో పదింట ఒకటిగా ఉన్న మూసిన కార్లు 1927కి నూటికి 85 అయ్యాయి. 1925లోనే ఎసెక్స్ కంపెనీ మూసిన కారును తెరిచిన కారుకంటే చవగ్గా అమ్మింది. ఇక లెక్క తేలిపోయినట్టే.

టాపు తీయాలన్న సరదా ఉన్నవాళ్లకు కన్వర్టిబుల్ దొరికింది. తలుపులోనే అద్దం, హ్యాండిల్ తిప్పితే పైకి లేస్తుంది. అసలు తేడా ఇదే. కర్టెన్లుంటే రోడ్‌స్టర్, అద్దాలుంటే కన్వర్టిబుల్. ఫోర్డ్ 1937 తర్వాత రోడ్‌స్టర్ చేయడం మానేసింది.

1953లో షెవ్రొలే ‘కార్వెట్’తో పాత పద్ధతిని మళ్లీ తెచ్చింది. అద్దాల్లేవు, కర్టెన్లే. తలుపుకు బయట పిడి కూడా లేదు, చెయ్యి లోపలికి పెట్టి తీసుకోవాలి. 1955లో ఫోర్డ్ తిప్పుడు అద్దాలతో ‘థండర్‌బర్డ్’ తెచ్చింది. ఆ మోడల్ ఏడాదిలో థండర్‌బర్డ్‌లు 16 వేలకు పైగా తయారైతే, కార్వెట్లు 700. మరుసటేడు కార్వెట్ తలుపులకు బయట పిడీ, లోపల అద్దాలూ వచ్చేశాయి.