పంటల బీమాలో పందుల నష్టం: ముందుచూపు ఎవరిది?

ఆత్మకూరు: నల్లమల అంచున చేను వేసిన రైతుకు వాన ఒక గండమైతే అడవి పంది మరో గండం. మొక్కజొన్న కంకి పాలు పోసుకునే వేళకు మంచె ఎక్కి రాత్రంతా డబ్బా కొట్టవలసిందే. అడవి జంతువుల నష్టానికి 2026 ఖరీఫ్ నుంచి ఫసల్ బీమాలో చోటు కల్పిస్తున్నట్టు కేంద్ర వ్యవసాయ శాఖ 2025 నవంబరులో ప్రకటించింది. అయితే ఏ జంతువులు, ఏ ప్రాంతాలు అన్నది రాష్ట్ర ప్రభుత్వమే గుర్తించి నోటిఫై చేయాలి. నష్టపోయిన రైతు 72 గంటల్లో ఫోటోలతో సహా యాప్‌లో తెలియజేయాలి. అడవి వార చేలల్లో సెల్ సిగ్నలు దొరకడం ఎంత కష్టమో ఆ యాప్ తయారు చేసినవారికి తెలియదు కాబోలు!

బీమా అంటే ఆపద వచ్చాక పంచే దానం కాదు. పైవారు ముందుగా లెక్క వేసుకోకపోతే సంస్థా నిలవదు, రైతూ నిలవడు. 1985 ఖరీఫ్‌లో ప్రారంభమైన సమగ్ర పంటల బీమా పథకమే ఇందుకు సాక్ష్యం. తిండిగింజలకు 2 శాతం, పప్పులకు, నూనెగింజలకు 1 శాతం ప్రీమియం పెట్టారు. కరువు సీమకూ కాలువ సీమకూ ఒకటే రేటు. వసూలైనదానికి అనేక రెట్లు పరిహారంగా చెల్లించవలసి వచ్చింది. చివరికి 1999లో ఆ పథకాన్ని మార్చివేశారు.

2016 ఫసల్ బీమాలో ప్రమాదాన్ని బట్టి ప్రీమియం కడతారు. ఖరీఫ్ తిండిగింజలకు, నూనెగింజలకు రైతు వాటా 2 శాతం దాటదు. మిగతాది కేంద్రం, రాష్ట్రం భరించాలి. చిక్కంతా ఇక్కడే. రాష్ట్రం వాటా జాగు అయితే పరిహారమూ జాగు అవుతుంది. అందుకే గడువు దాటించిన రాష్ట్రానికి తరువాతి సీజనులో ప్రవేశం లేదని 2020లో నిబంధన పెట్టారు. పరిహారం ఆలస్యం చేసిన కంపెనీకి 12 శాతం వడ్డీ భారం ఉన్నది.

మన రాష్ట్రం 2020లో ఈ పథకం నుంచి బయటికి వచ్చి, 2022 ఖరీఫ్‌లో తిరిగి చేరింది. కొన్నేళ్ళు రైతు వాటా కూడా ప్రభుత్వమే భరించింది. 2024-25 రబీ నుంచి మళ్ళీ రైతే కట్టుకోవాలన్నారు. ఇలా ప్రభుత్వం మారినప్పుడల్లా పద్ధతి మారితే రైతుకు నమ్మకం ఎలా కుదురుతుంది? బీమా ఇప్పుడు స్వచ్ఛందం. పంట పోతుందని ఖాయంగా తెలిసినవారే కట్టి మిగిలినవారు మానుకుంటే నిధి ఎంతోకాలం నిలవదు.

పందుల విషయంలోనైనా అటవీ, వ్యవసాయ, రెవెన్యూ శాఖలు విత్తనాలకు ముందే కూర్చుని, ఏ గ్రామంలో ఎంత నష్టం జరుగుతున్నదో పాత రికార్డులు తీసి రాష్ట్రానికి పంపాలి. ఆ జాబితాలో తమ ఊరు ఉన్నదో లేదో రైతులు ప్రీమియం గడువుకు ముందే రైతు సేవా కేంద్రంలో అడిగి తెలుసుకోవాలి. ఈ-పంట నమోదు పూర్తయిందో లేదో కూడా అక్కడే చూసుకోవచ్చు.