మేపుల్ మొక్క కావాలట, బాదం చెట్టు కొట్టేయాలట!

అక్టోబరు వచ్చిందంటే మన ఫోన్లన్నీ ఎర్రబడతాయి. అమెరికాలో ఉన్న పిల్లలు మేపుల్ చెట్ల కింద నిలబడి ఫోటోలు పంపుతారు. చూసిన ప్రతివాళ్లకీ ఒకటే కోరిక, మన పెరట్లో కూడా అలాంటి చెట్టు ఉంటే ఎంత బాగుంటుందోనని! ఆ కోరిక కనిపెట్టే ఆన్‌లైన్లో మేపుల్ విత్తనాలు అమ్ముతున్నారు. ఎర్రాకులవే కాదు, నీలం ఆకులవి కూడా! నీలం ఆకుల మేపుల్ లోకంలోనే లేదండీ, అది కంప్యూటర్లో పూసిన రంగు.

మోసం సంగతి పక్కన పెడదాం. అసలైన జపాన్ మేపులే తెచ్చి నాటినా హైదరాబాదులో, విజయవాడలో ఆ రంగు చూడలేం. ఆకులో పచ్చదనం విరిగిపోయాక దాని వెనక దాగిన పసుపు బయటపడుతుంది. ఎరుపు మాత్రం రాలే ముందు కొత్తగా తయారవుతుంది. మేపుల్‌లో ఆ ఎరుపు బాగా తేలాలంటే ఎండ కాసే పగళ్లు, చల్లటి రాత్రులు కావాలి. తర్వాత నెలల తరబడి చలిలో నిద్రపోవాలి. మన మే నెల ఎండకి దాని ఆకుల అంచులు మాడిపోతాయి.

అసలు "ఆటమ్" అనగానే శరత్తు అని రాసేస్తున్నారు కదా, అక్కడే వస్తోంది చిక్కు. మన శరత్తు ఆశ్వయుజ కార్తీకాలు. వెన్నెల, తెల్లమబ్బులు, రెల్లుపూలు. దాని రంగు తెలుపు. మనకి ఆకురాలు కాలం శిశిరం, మాఘ ఫాల్గుణాలు. ఆ రోజుల్లో మన వీధుల్లో నిజంగా ఎర్రబడే చెట్టు ఒకటుంది. నాటు బాదం. సంక్రాంతి దాటాక చూడండి, ఒకే కొమ్మ మీద పసుపు, నారింజ, దానిమ్మ గింజ ఎరుపు. చలి రాత్రుల కోసం ఎదురు చూడదు, నెలల తరబడి మోడుగా నిలబడదు. ఎండలు ముదిరేసరికి కొత్త చిగుళ్లు వేసి గొడుగు పట్టేస్తుంది. ఆ ఆకులతో విస్తళ్లు కుట్టుకుని భోంచేసిన వాళ్లం మనం.

మరి ఆ చెట్టునే ఎందుకు కొట్టిస్తున్నారు? ఎవర్ని అడిగినా ఒకటే మాట: "చెత్త."

మేపుల్ ఆకులు మాత్రం రాలకుండా గాల్లో నిలబడతాయా? అక్కడా రాలతాయి. అక్కడ భార్యాభర్తలూ పిల్లలూ కలిసి శనివారం పూట వాటిని గుట్ట పోస్తే, ఆ గుట్ట మీద దూకడం కూడా మనకి ముచ్చటైన వీడియోనే. ఇక్కడ మాత్రం తెల్లారకముందే వాకిలి అద్దంలా ఉండాలి. ఊడ్చేది ఇంటావిడ, లేకపోతే పనమ్మాయి. కాఫీ గ్లాసు పట్టుకుని "ఇంకా ఊడవలేదా" అని అడిగే చేతికి చీపురు బరువు తెలియదు. నడుము విరిగిన ఆడమనిషి చివరికి "కొట్టించెయ్యండి" అంటుంది. ఆవిడను తప్పుపట్టను. కానీ ఆవిడకి బరువైంది చెట్టు కాదు, ఒక్క చేతికే అతుక్కుపోయిన చీపురు.

కాబట్టి గొడ్డలిని పిలిచే ముందు చీపురు పంచండి. ఆకులు రాలే ఆ కొద్ది వారాలూ ఇంట్లో ఉన్న మగవాళ్లూ పిల్లలూ వంతులు వేసుకోవాలి. రోజూ ఊడవకపోతే ఇల్లేమీ కూలిపోదు. మూలన గుట్ట పోసి, నలిపి, నీళ్లు చల్లి, కూరగాయల తొక్కులు కలిపితే మెల్లగా ఎరువవుతుంది. తగలబెట్టడం మాత్రం వద్దు.

బాదం పెద్ద చెట్టవుతుంది, గోడకి ఆనించి నాటకండి. జాగా లేనివాళ్లు వీధిలో ఉన్నదాన్ని కాపాడినా చాలు. మేపుల్‌కి పెట్టాలనుకున్న డబ్బుతో రెండో చీపురు కొనండి. అది ఎవరి చేతికివ్వాలో మీకే బాగా తెలుసు.