మూత ఊడిన మొదటి ఆర్డరు

మా అక్క పెట్టే ఆవకాయకి చుట్టాల్లో మంచి పేరుంది. పెళ్లికెళ్లినా పేరంటానికెళ్లినా 'వచ్చేటప్పుడు ఓ సీసా పట్రావే' అనేవాళ్లే. ఇలా ఊరికే పంచిపెట్టే బదులు ఆన్‌లైన్‌లో అమ్మొచ్చుగా అని ఎవరో అన్నారు. ఎవరో ఏంటి, నేనే అన్నాను. అది 2022 వేసవి. పేపర్లో పనిచేసేవాడు కదా, వీడికి అన్నీ తెలుసనుకుంది పాపం.

చీటీ పాడి తెచ్చిన అరవై వేలు తన దగ్గరున్నాయి. మేనకోడలి ఇంజినీరింగ్ ఫీజుకని దాచినవి. బావగారు వద్దనలేదు. 'ఫీజు కట్టేది నవంబరులో' అని మాత్రం అన్నారు. వద్దనడం కంటే ఆ మాటే ఎక్కువ భయపెట్టింది.

అందులో ముప్పై అయిదు వేలు వెబ్‌సైటుకే పోశాం. తెరవగానే జాడీ గిర్రున తిరిగేది. మామిడికాయ మీద ఎలుక బాణం పెడితే ఆకు ఊగేది. నెలరోజులు దాని రంగుల గురించే కొట్టుకున్నాం. పచ్చడి సీసాకి మూత ఎలాంటిది కొనాలన్నది ఎవరమూ అడగలేదు. బజారుకెళ్లి చవగ్గా దొరికినవి రెండు డజన్లు తెచ్చేశాం.

మొదటి నెల తొమ్మిది ఆర్డర్లు. ఎనిమిది చుట్టాలవి. వాటిలో ఒకటి బావగారు ఆఫీసు నుంచి వేరే పేరుతో పెట్టింది. ఆ సంగతి అక్కకి ఇప్పటిదాకా తెలియదు. ఈ ఆదివారం తెలుస్తుంది.

తొమ్మిదోది పుణె నుంచి. ముక్కూ మొహం తెలియని మనిషి డబ్బులు ముందే పంపి పచ్చడి అడిగింది. అక్క ఆ ఫోను పట్టుకుని ఇల్లంతా తిరిగింది. తాజాగా పంపాలని ఆ రోజే కాయ కొట్టించి, కలిపి, సాయంత్రానికల్లా సీసాకెత్తి కొరియర్‌కిచ్చేసింది.

ఇది చదువుతున్న అమ్మలకి ఈపాటికే అర్థమై ఉంటుంది. ఆవకాయ కలిపాక ఊట ఊరుతుంది. మూడో రోజు తిరగ కలిపేదాకా మా ఇంట్లో జాడీ ముట్టనివ్వదు అక్క. అలాంటి మనిషి, అమ్మకం అనేసరికి ఆ మాటే మర్చిపోయింది. నాలుగో రోజు రాత్రి పుణె నుంచి ఫోను. దారిలోనే ఊట పొంగింది, మూత లేచింది, నూనె అట్టపెట్టెలోంచి కారి ఆవిడ గుమ్మం దాకా వచ్చింది.

'కొరియర్ వాళ్లు విసిరేసి ఉంటారు' అన్నారు బావగారు. నేనూ అదే అన్నాను. అక్క ఒప్పుకోలేదు. 'ఆవిడ కొన్నది కొరియరబ్బాయి దగ్గర కాదు కదరా, నా దగ్గర.' అప్పటికప్పుడు డబ్బు వెనక్కి పంపించింది. వారం తర్వాత, ఊరిన పచ్చడి, మంచి మూతతో, ఉచితంగా. ఆ ఒక్క ఆర్డరుకే చేతి నుంచి ఎనిమిది వందలు పైగా పోయాయి.

నాకు అప్పుడే రెడ్‌బస్ కథ గుర్తొచ్చింది. 2005 దీపావళికి ఫణీంద్ర సామ అనే మన తెలుగు ఇంజినీరు బెంగళూరు నుంచి హైదరాబాద్ రావడానికి బస్సు టికెట్టు దొరక్క ఆగిపోయాడు. ఏజెంట్ల చుట్టూ తిరిగితే తెలిసిందేమిటంటే, ఏ బస్సులో ఎన్ని సీట్లు ఖాళీగా ఉన్నాయో ఒకచోట చెప్పగలిగే వాళ్లే లేరని. బిట్స్ పిలానీ స్నేహితులు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కలిసి బస్సుల యజమానుల కోసం సాఫ్ట్‌వేర్ రాశాడు. తీరా తీసుకెళ్తే యజమానులు అక్కర్లేదన్నారు. వాళ్ల చేతిలో ఫోనుంది, పుస్తకం ఉంది, పని జరిగిపోతోంది. అప్పుడు ఈ కుర్రాళ్లు మాట మార్చారు. సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత, మాకు కొన్ని సీట్లివ్వండి, అమ్మిపెడతాం అన్నారు. 2006 ఆగస్టులో రెడ్‌బస్ అలా మొదలైంది. 2013లో ఐబిబో గ్రూపు దాన్ని కొనుక్కుంది. పేరుకు ఇంటర్నెట్ కంపెనీయే. కానీ డబ్బు కట్టిన మనిషి రాత్రి బస్సెక్కితే చాలు, తన సీట్లో ఇంకొకరు కూర్చుని ఉండకూడదు. అదీ అసలు పని.

ఫ్లిప్‌కార్ట్ తొలి ఆర్డరు కూడా మన దగ్గర్నుంచే వెళ్లింది. 2007లో మహబూబ్‌నగర్ నుంచి ఒకాయన జాన్ వుడ్ రాసిన 'లీవింగ్ మైక్రోసాఫ్ట్ టు ఛేంజ్ ద వరల్డ్' అడిగారు. వెబ్‌సైటులో ఉన్న ఆ పుస్తకం చేతిలో లేదు. సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ బెంగళూరు పుస్తకాల షాపులన్నీ గాలించి పట్టుకొచ్చి పంపారు. ఒక పుస్తకం కోసం ఊరంతా తిరగడంలో లాభమేముంటుంది? ఆ లెక్క వేసుకుంటే మొదటి కొనుగోలుదారే మిగలడు.

సరే, లెక్క అన్నాను కాబట్టి మా లెక్కలూ చెప్పాలి. కొరియర్ వాళ్లు బరువొక్కటే చూడరు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి అయిదు వేలతో భాగిస్తారు. ఆ అంకె, అసలు బరువు, ఏది ఎక్కువైతే దానికి డబ్బులు. మేం సీసా పగలకూడదని ముప్పై, పాతిక, ఇరవై సెంటీమీటర్ల పెద్ద పెట్టెలో బోలెడు కాగితం కుక్కి పంపేవాళ్లం. కాటా మీద కిలోన్నర. బిల్లు మూడు కిలోలకి! సగం డబ్బు కాగితం ఉండలకీ గాలికీ కట్టామన్నమాట. పెట్టె మార్చడానికి మాకు రెండు నెలలు పట్టింది. అక్క టైలరు దగ్గరి టేపు తెచ్చి కొలిచేదాకా ఈ లెక్క నాకూ ఎక్కలేదు.

ఆర్టీవో అంటే బండి లైసెన్సిచ్చే ఆఫీసనే అనుకునేవాణ్ని. ఈ వ్యాపారంలో దాని అర్థం 'రిటర్న్ టు ఆరిజిన్'. సరుకు చేరాక డబ్బిస్తామన్న వాళ్లలో కొందరు తలుపు తీయరు, కొందరు ఫోనెత్తరు. పచ్చడి ఊరు తిరిగొస్తుంది. పోను చార్జీ మనదే, రాను చార్జీ మనదే. ఫ్లిప్‌కార్ట్ 2010లో ఈ పద్ధతి తెచ్చాక జనానికి ఆన్‌లైన్ కొనుగోళ్ల మీద నమ్మకం పెరిగిందన్నది నిజమే. పెద్దవాళ్లు ఆ నష్టం భరించగలరు. చీటీ డబ్బుతో మొదలెట్టినవాళ్లకి మాత్రం పది సీసాలు తిరిగొస్తే ఆ నెల అంతే సంగతులు. అక్క ఆ సౌకర్యం తీసేసింది. ఆర్డర్లు సగానికి పడిపోయాయి. నష్టం కూడా ఆగింది.

ఇవి కాక ఆహార పదార్థం కాబట్టి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్, పక్క రాష్ట్రానికి అమ్మాలంటే జీఎస్టీ నంబరు. రెండూ నేను ముందే కనుక్కుని చెప్పాల్సినవి. చెప్పలేదు. పుణె సీసా పంపేనాటికి మా దగ్గర రెండోది లేదు. బావగారి స్నేహితుడైన ఆడిటరు తల పట్టుకుని, తిట్టి, తర్వాత దగ్గరుండి చేయించారు.

నవంబరు వచ్చింది. ఫీజుకి పద్దెనిమిది వేలు తగ్గాయి. బావగారు సొసైటీలో అప్పు తెచ్చి కట్టారు, ఒక్క మాటా అనలేదు. అక్క రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు నాకు ఫోను చేసి, ఆ తిరిగే జాడీ బొమ్మ తీసేయమంది. దాని బదులు తన ఫోను నంబరు పెద్దక్షరాల్లో పెట్టమంది. అప్పట్నుంచి కొనేవాళ్లు ఫోన్లోనే అడుగుతారు... కారమెంత, వెల్లుల్లి వేస్తారా, ఎప్పుడు కలిపారు అని. ఆ సొసైటీ అప్పు తీరడానికి మరో ఏడాదిన్నర పట్టింది.

మొన్న వెళ్లినప్పుడు వంటింటి గట్టు మీద సీసాలు వరసగా ఉన్నాయి. ప్రతి మూత మీదా మార్కరుతో కలిపిన తేదీ. నేను కాఫీ తాగుతుండగా పుణె ఆవిడ ఫోను చేసింది. ఇప్పుడు వాళ్ల అపార్టుమెంటులో ఆరిళ్లకి ఆవిడే ఆర్డరు పెడుతుంది. తమ్ముడు బుధవారం ఊరెళ్తున్నాడట, కొత్త ఆవకాయ ఈ రోజే పంపగలరా అని అడిగింది.

'నిన్ననే కలిపానమ్మా' అంది అక్క. 'రేపు తిరగ కలపాలి. ఎల్లుండి దాకా కదపను. తమ్ముడికి వేరేగా పంపిస్తాలే, అడ్రసు చెప్పు.'